ఆ అమ్మాయి చేత నేను రాయించిన కాగితం

మా చెల్లెలి కూతురు ఈ మధ్యే బ్యాంకులో ఆఫీసరుగా చేరింది. మొన్న ఫోన్ చేసి, "పెద్దమ్మా, నీ సర్వీసులో నువ్వు చేసిన అన్నిటికంటే పెద్ద తప్పేంటి?" అని అడిగింది. కాకినాడలో క్యాషియరుగా చేరిన కొత్తలో ఒకాయనకి వంద కట్ట బదులు ఐదొందల కట్ట ఇచ్చేసి, సైకిల్ రిక్షాలో వెంటపడిన కథ చెప్పాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఫోన్ పెట్టేశాక చాలాసేపు మనసు బాగోలేదు. అడిగినదానికి నేను జవాబు చెప్పలేదు. ఆ జవాబు అవసరమయ్యేది దాని వయసు వాళ్ళకే. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అప్పటికి నా రిటైర్మెంట్‌కి ఏడాదిన్నర ఉంది. హైదరాబాదులో, మదీనాగూడ దగ్గర హైవే పక్కనున్న బ్రాంచికి మేనేజర్ని. మా కస్టమర్లలో సగం మంది అపార్టుమెంట్లు కొనుక్కున్న సాఫ్టువేరు వాళ్ళు. వాళ్ళు బ్యాంకుకి రారు, ఫోన్లోనే పోట్లాడతారు. మిగతా సగం ఆ సాఫ్టువేరు వాళ్ళ ఆఫీసులు తుడిచేవాళ్ళు, కాపలా కాసేవాళ్ళు, కార్లు నడిపేవాళ్ళు. వీళ్ళు బ్యాంకుకి వస్తారు, వచ్చి నిలబడతారు. కుర్చీ చూపించినా ఓ పట్టాన కూర్చోరు.

అలా నిలబడ్డ వాళ్ళలో ఒక పెద్దావిడ, ఆవిడ మనవరాలు. పెద్దావిడ గచ్చిబౌలిలో ఒక పెద్ద ఐటీ క్యాంపస్‌లో హౌస్‌కీపింగ్ చేస్తుంది. ఉండేది బోరబండలో, ఒక గది కిరాయికి. కొడుకూ కోడలూ బిల్డింగు పనులకి పుణె వైపు పోయారు, మనవరాలు నాయనమ్మ దగ్గరే పెరిగింది. ఆ ఏడే పద్దెనిమిది నిండాయి, మా బ్రాంచికి రెండు స్టాపుల దూరంలో డిగ్రీ కాలేజీలో సీటొచ్చింది. స్కాలర్‌షిప్పు పడటానికి ఖాతా కావాలి. నాయనమ్మ జీతానికీ ఖాతా కావాలి.

"ఇద్దరికీ కలిపి ఒక్కటే తెరువుండ్రి మేడం," అంది పెద్దావిడ. "రెండు పాసుబుక్కులు పెట్టెతందుకు మా ఇంట్ల జాగ లేదు."

ఇద్దరి పేర్ల మీదా జాయింటు ఖాతా తెరిచాం. ఇద్దరిలో ఎవరైనా డబ్బు తీసుకోవచ్చు. పెద్దావిడకి చదవడం రాదు గానీ, మనవరాలు పట్టుబట్టి సంతకం నేర్పింది. నాలుక కొన బయటపెట్టి, కాగితాన్ని అరచేత్తో అదిమిపట్టి, తన పేరుని బొమ్మ గీసినట్టు గీసేది. ఏటీఎం కార్డు తనకొద్దంది. "నా మన్మరాలి దగ్గరుంటే నా దగ్గరున్నట్టే" అంది. కార్డు అమ్మాయి పేరు మీదే ఇచ్చాం. ఫోన్‌తో డబ్బు కట్టుకోడానికి అమ్మాయి నంబరు ఎక్కించాం, మెసేజీలు వెళ్ళే నంబరు మాత్రం పెద్దావిడది, బటన్ల ఫోను.

వెళ్ళబోతూ అమ్మాయి నా బల్ల దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది. "మేడం, పిన్ నంబర్ నాయనమ్మకు చెప్పాల్నా? ఎవ్వరికీ చెప్పొద్దని కవర్ మీద రాసి ఉంది."

ముప్పై నాలుగేళ్ళ సర్వీసున్న మేనేజర్ని, "చెప్పాలమ్మా, ఆవిడ డబ్బు కూడా అందులో ఉంది కదా. జాయింటు ఖాతా అంటే ఇద్దరి మధ్యా దాపరికం ఉండకూడదు" అన్నాను. మాట చాలా బాగుందనిపించింది నాకే. కవరు మీద ఉన్నదే సరైనది. పిన్ ఇంకో మనిషికి చెప్పకూడదు, ఆ మనిషి అదే ఖాతాలో భాగస్వామి అయినా సరే. కావాలంటే ఆవిడకి వేరే కార్డు ఇవ్వాలి. నియమం తెలిసీ, పెద్దరికం చూపించుకోడానికి ఒక మంచిమాట చెప్పాను.

ఎనిమిది నెలలు గడిచాయి. ఫిబ్రవరిలో ఒక గురువారం ఉదయం వేరే రాష్ట్రం సైబర్ పోలీసుల నుంచి మెయిల్ వచ్చింది. అక్కడెవరినో ఫోన్లో బెదిరించి కాజేసిన డబ్బు మా బ్రాంచి ఖాతాలోకి వచ్చిందట. ఖాతా వెంటనే స్తంభింపజేసి వివరాలు పంపమన్నారు. తీసి చూస్తే ఆ నాయనమ్మా మనవరాళ్ళ ఖాతా. జీతమూ స్కాలర్‌షిప్పూ తప్ప ఎప్పుడూ ఏమీ పడని ఆ ఖాతాలోకి రెండు రోజుల్లో లక్షలు వచ్చాయి, వచ్చిన గంటలోపే కార్డు మీద బయటికి పోయాయి. వెంటనే ఖాతా ఆపేశాను. చేతిలో టీ గ్లాసు ఎప్పుడు కింద పెట్టానో తెలీదు.

ఆ మధ్యాహ్నమే అమ్మాయి వచ్చింది. పరీక్ష ఫీజు కడదామని కాలేజీలో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే డబ్బు వెళ్ళలేదట. విషయం చెప్పాను. దానికి సగం అర్థమైంది, సగం కాలేదు.

"కార్డు ఎక్కడుంది?" అన్నాను.

"ఇంట్ల డబ్బాల ఉంది మేడం. నేను ఫోన్‌తోనే కడ్త, కార్డు తియ్యనే తియ్య. రేపు తెచ్చి చూపిస్త." భయం ఉంది కానీ తడబాటు లేదు. నా కళ్ళలోకి చూసే చెప్పింది.

మర్నాడు శుక్రవారం, బ్రాంచి తెరవకముందే షట్టరు దగ్గర నిలబడి ఉంది. రాత్రంతా ఏడ్చినట్టు కళ్ళు వాచిపోయాయి. నా గదిలోకి పిలిచి, "కార్డు తెచ్చావా?" అన్నాను.

"లేదు మేడం."

"ఎవరికిచ్చావు? నిజం చెప్పు. ఫ్రెండుకా? కమీషన్ ఇస్తానన్నాడా?"

తలొంచుకుంది. "అవును మేడం, నేనే ఇచ్చిన" అంది.

"పేరేంటి ఆ ఫ్రెండుది?"

"తెల్వదు మేడం. ఇన్‌స్టాల పరిచయం. ఇప్పుడు అకౌంట్ డిలీట్ చేసిండు."

నాకు అణువంత అనుమానం రాలేదు. పైగా గొప్ప కోపం వచ్చింది. గంట సేపు ఉపన్యాసం ఇచ్చాను. ఆ ముసలావిడ నీకోసం అంత దూరం పోయి బాత్రూములు కడుగుతోంది, నువ్వు చేసే పని ఇదా, అన్నాను. ఆ మాటకి మాత్రం ఒక్కసారి తలెత్తి చూసింది, మళ్ళీ దించేసుకుంది. తెల్లకాగితం ఇచ్చి, జరిగింది జరిగినట్టు రాయమన్నాను. ఎక్కడ ఆగితే అక్కడ నేనే వాక్యం అందించాను. "కమీషను ఆశతో నా కార్డును, పిన్ నంబరును అపరిచిత వ్యక్తికి స్వయంగా ఇచ్చితిని. ఇందులో మా నాయనమ్మకు ఎటువంటి సంబంధము లేదు." ఈ రెండో వాక్యం నేను అందించింది కాదు. తనే రాసుకుంది, అక్షరాలు ఒత్తి మరీ.

అలాంటి కాగితం రాయించుకోమని నన్ను ఎవరూ అడగలేదు. ఖాతా వివరాలు పంపితే చాలు. కానీ రీజినల్ ఆఫీసు నుంచి అప్పటికే రెండు ఫోన్లొచ్చాయి. ఎవరిది తప్పో తేల్చేసి పంపితే మన బ్రాంచి తప్పేం లేదని తెలుస్తుందని నా తెలివి.

అమ్మాయి వెళ్ళాక మా హెడ్ క్యాషియర్ లోపలికొచ్చాడు. ఆయనది సిద్దిపేట వైపు. పాతికేళ్ళు కౌంటర్లో కూర్చుని మనుషుల మొహాలు చూసినవాడు.

"మేడం, ఒక్క మాట. నిన్న వచ్చిన పిల్ల, ఇయ్యాల వచ్చిన పిల్ల ఒక్కతే కాదు. ఎవరో చెప్పి పంపినట్టుంది. రెండు దినాలు ఆగుదమా?"

"అదే ఒప్పుకుంటే ఇంకా ఏంటండీ మీ అనుమానం?" అన్నాను విసుగ్గా.

"ఒప్పుకున్నది కాబట్టే అనుమానం," అని తన కౌంటర్లోకి వెళ్ళిపోయాడు.

రెండో శనివారం, ఆదివారం సెలవు. సోమవారం పది గంటలకి మా కొత్త ఆఫీసరమ్మాయి ఆ కాగితం స్కాన్ చేసి, వివరాలన్నిటితో కలిపి పోలీసులకి మెయిల్ చేసేసింది. రీజినల్ ఆఫీసుకి నకలు కూడా. "పంపేశాను మేడం" అని బొటనవేలు ఎత్తి చూపించింది. నాకు పెద్ద బరువు దిగినట్టనిపించింది.

పదకొండు దాటాక పెద్దావిడ వచ్చింది. ఒంటి మీద పనిలో వేసుకునే నీలం కోటు ఇంకా ఉంది. డ్యూటీలోంచి అడిగి వచ్చిందట, మూడు గంటలకల్లా తిరిగి పోవాలట. ఎన్నడూ లేనిది తనంతట తను కుర్చీలో కూర్చుంది.

"నా జీతం పడ్డదా బిడ్డా? మా మన్మరాలు మూడు దినాల సంది తిండి సరిగ్గ తింటలేదు, అడిగితే ఏం చెప్తలేదు. కాలేజీకి పోతలేదు. ఫీజుకు పైసలు కావాలె గదా, దానికి పరేషాన్ అయితుందేమో అని నేనే వచ్చిన."

ఆవిడకి ఎలా చెప్పాలా అని నేను మాటలు కూడదీసుకుంటున్నాను. ఇంతలో ఆవిడే మామూలుగా అడిగింది.

"ఇంకోటి బిడ్డా. గా సార్ కార్డు మీతాన ఇచ్చిండా? వారం దినాలల్ల వాపస్ ఇస్తనన్నడు, రెండు వారాలాయె."

"ఏ సార్?"

"మా కంపెనీ గేటు బయట టేబుల్ ఏసుకొని కూసున్నడు గదా. మెడల బిళ్ళ ఉండె. సాఫుసఫాయి చేసే ఆడోళ్ళకు గవర్నమెంటు పైసలేస్తున్నది, కార్డు తెచ్చినోళ్ళకే అన్నడు. పిల్ల ఫీజుకు పనికొస్తయని దానికి చెప్పకుంట డబ్బాల కెల్లి తీసుకపోయి ఇచ్చిన. నంబర్ లేకుంటే పైసలు లోపలికి పోవు అన్నడు, నంబర్ గూడ చెప్పిన. మా పిల్ల నాకు కంఠతా పెట్టిచ్చింది. ఫోన్ మస్తుసార్లు మోగింది, పైసలు పడ్డట్టున్నయి అనుకున్న." ఆవిడ మొహంలో కొంచెం గర్వం కూడా ఉంది. "నేనొక్కదాన్నే గాదు, మా బ్యాచ్ల ఆడోళ్ళు చానమంది ఇచ్చిన్రు."

లేచి నిలబడ్డాను, ఎందుకు లేచానో తెలీక మళ్ళీ కూర్చున్నాను. గాజు తలుపులోంచి హెడ్ క్యాషియర్ నన్నే చూస్తున్నాడు. ఆఫీసరమ్మాయిని పిలిచి, "ఆ మెయిల్ వెనక్కి తీసుకోవచ్చా?" అని అడిగాను. పద్దెనిమిదేళ్ళ పిల్లని నేరస్తురాల్ని చేసే కాగితం గంట కిందటే వెళ్ళిపోయింది. అందులో సగం వాక్యాలు నావి. ఆ పిన్ నంబరు ఈవిడకి చెప్పమన్నదీ నేనే.

పెద్దావిడ చేతనే అమ్మాయికి ఫోన్ చేయించి రప్పించాం. లోపలికొచ్చి నాయనమ్మ నా ఎదురుగా కూర్చుని ఉండటం చూడగానే గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఎందుకు అబద్ధం రాశావమ్మా?" అన్నాను.

"గురువారం ఇంటికి పోయి డబ్బా చూస్తే కార్డు లేదు మేడం. నాయనమ్మను అడిగితే మంచిగ నవ్వుకుంట చెప్పింది. ఆమెకు తెల్వనే తెల్వదు ఏం చేసిందో. పోలీసులు పిలిస్తే ఆమె ఏం చెప్తది? ఏ కాయితం ముందట పెట్టినా పేరు గీస్తది. నేనైతే చదివి సంతకం పెడ్త."

"నాకు చెప్పొచ్చు కదా!"

"మీరు అడగంగనే తెల్సింది మేడం. ఏమైంది అని అడగలే మీరు. ఎవరికిచ్చినవ్, ఫ్రెండుకా, అని అడిగిన్రు. నేనే చేసిన్నని మీరు ముందే అనుకున్నరు. సరే, గట్లనే కానియ్యి అనుకున్న."

అప్పటిదాకా మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్న పెద్దావిడకి హెడ్ క్యాషియరే పక్కన కూర్చుని విడమరిచి చెప్పాడు, ఆవిడ భాషలో, నెమ్మదిగా. గేటు దగ్గర కూర్చున్నవాడు దొంగ అని, ఆ డబ్బు ఎవరినో ఏడిపించి తెచ్చిందని, మనవరాలు ఆ నేరం తన నెత్తిన వేసుకుందని. ఆవిడ వింటూ వింటూ ఉన్నట్టుండి లేచి అమ్మాయి వీపు మీద ఒక్కటి చరిచింది. ఆ చప్పుడుకి కౌంటర్ల దగ్గర జనం తిరిగి చూశారు.

"నన్ను కాపాడెతందుకు నువ్వు దొంగవైతవా? నిన్ను గిందుకా చదివిపిచ్చింది? ఇచ్చింది నేను. చెప్పుకునేది గూడ నేనే." మళ్ళీ అదే చేత్తో ఆ పిల్ల వీపు నిమరడం మొదలుపెట్టింది, చాలాసేపు ఆపలేదు. తర్వాత నా వైపు తిరిగి, "ఏ ఠాణాకు పోవాలె బిడ్డా? నడువు," అంది.

ఆ మధ్యాహ్నం ఆటోలో నలుగురం సైబర్ క్రైమ్ స్టేషన్‌కి వెళ్ళాం. హెడ్ క్యాషియర్ డ్రైవర్ పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు. ఎస్సై చిన్నవయసు మనిషి, మాట మెత్తన. నేను తీసుకెళ్ళిన నకలు చదివి, బల్ల మీద పెట్టి అడిగాడు. "మేడం, ఈ కాగితంలో ఇచ్చితిని అని గ్రాంథికం ఉంది. ఈ పాప ఇట్లా రాస్తుందా?"

"లేదండీ. నేను చెప్పి రాయించాను," అన్నాను.

అదే మాట ఇంకో కాగితం మీద రాసి సంతకం పెట్టాను. పిన్ నంబరు చెప్పమన్నది కూడా నేనేనని రాశాను. సంతకం వంకర పోయింది. ముప్పై నాలుగేళ్ళుగా రోజుకి వందసార్లు పెట్టే సంతకం.

పెద్దావిడ చెప్పిందంతా ఎస్సై రాసుకున్నాడు. సంతకం పెట్టమంటే ఆవిడ పెన్ను పట్టుకోలేదు. "మా పిల్ల సదివి ఇనిపిస్తది, అప్పుడు పెడ్త" అంది. అమ్మాయి చదివింది. మధ్యలో ఒకచోట పెద్దావిడ ఆపి, "నవ్వుకుంట ఇచ్చిన అని నేను చెప్పలే, నమ్మి ఇచ్చిన అన్న" అని దిద్దించింది కూడా. ఎస్సై మారు మాట్లాడకుండా కొట్టేసి రాశాడు.

తర్వాత జరిగింది త్వరగా చెప్పేస్తాను. గేటు దగ్గర ఆ మనిషి దొరకలేదు, బల్ల కూడా లేదు. కార్డులిచ్చిన మిగతా ఆడవాళ్ళని పెద్దావిడే ఒక్కొక్కరిగా స్టేషన్‌కి తీసుకెళ్ళింది. అంతమంది ఒకే మాట చెప్పేసరికి పోలీసులకి విషయం తేటతెల్లమైంది. ఆ వాంగ్మూలాలన్నీ అందాక, మెయిల్ పంపిన రాష్ట్రం పోలీసులు అమ్మాయిని నిందితురాలిగా చేర్చలేదు. కానీ ఖాతా తెరుచుకోడానికి నాలుగు నెలలు పట్టింది. ఈలోగా పరీక్ష ఫీజు గడువు దాటిపోయింది. నేను కడతానంటే అమ్మాయి వద్దంది. కోపంగా కాదు. "వద్దు మేడం, మీతాన తీసుకోబుద్ధి అయితలేదు" అంది, అంతే. ఆ సెమిస్టరు పరీక్షలు మరుసటి బ్యాచితో కలిసి రాసింది. ఆ పిల్ల కోల్పోయిన ఆ కాలాన్ని నేను ఏ విధంగానూ వెనక్కి ఇవ్వలేకపోయాను.

నాకు ఛార్జి మెమో వచ్చింది. విచారణ చేసిన అధికారి ఒకప్పుడు నా దగ్గర ట్రెయినింగు అయినవాడే. "మేడం, ఆ అమ్మాయే చేసిందని మీరు ఏ ఆధారంతో నిర్ణయానికొచ్చారు?" అని రాతపూర్వకంగా అడిగాడు. పాపం, ఏదో ఒక కారణం రాస్తే సర్దేద్దామని అతని ఉద్దేశం. నేను రెండు రోజులు ఆలోచించాను. కార్డు దాని పేరు మీద ఉంది, నిజమే. దానికి ఫోను వాడటం వచ్చు, నిజమే. వాటిలో ఒక్కటీ ఆధారం కాదు. అపార్టుమెంటు వాళ్ళ పిల్ల అయితే, తండ్రి వెంటబెట్టుకుని వచ్చి ఉంటే, అదే ప్రశ్న అలా అడిగేదాన్నా? "ఏ ఆధారమూ లేదు" అని రాసి పంపాను. మందలింపుతో వదిలేశారు. ఆ ఉత్తరం చదువుతుంటే, ఇంతేనా అనిపించింది.

జూన్‌లో ఖాతా విడుదలైనట్టు మెయిల్ వచ్చింది. ఇద్దరినీ పిలిపించాను. పెద్దావిడకి కూడా వేరే కార్డు, వేరే పిన్ ఇద్దామని దరఖాస్తు సిద్ధం చేయించాను. ఖాతా విడగొట్టుకుంటారేమోనని అడిగితే ఇద్దరూ ఒకేసారి వద్దన్నారు.

దరఖాస్తు నాలుగు పేజీలు. వెనక పేజీల్లో చీమల్లాంటి అక్షరాలు. అమ్మాయి కౌంటరు దగ్గరే నిలబడి మొదటి అక్షరం నుంచి పైకి చదవడం మొదలుపెట్టింది. అర్థం కానిచోట పెద్దావిడ ఆపేది. "గా మాట మల్ల సదువు." "అంటే ఏంది?" అమ్మాయి చెప్పేది, తనకి తెలియకపోతే హెడ్ క్యాషియర్ని అడిగేది. వెనక వరుస పెరిగింది. ఐడీ కార్డు మెడలో వేలాడుతున్న కుర్రాడొకడు గడియారం చూసుకుని నిట్టూర్చాడు. ఇరవై నిమిషాలు పట్టింది. ఆఖరికి పెద్దావిడ నాలుక కొన బయటపెట్టి తన పేరు గీసింది. పక్కనే అమ్మాయి సంతకం పెట్టింది.

కాగితాలు నా చేతికొచ్చాయి. మేనేజరు సంతకం పెట్టాల్సిన చోటు నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు. చివరి పేజీ తిప్పి పెన్ను ఆనించాను.

"నువ్వు సదివినవా బిడ్డా?" అంది పెద్దావిడ.

ఎత్తిపొడుపు లేదు అందులో. తెలుసుకుందామని అడిగింది.

"లేదమ్మా," అన్నాను.

"మరి సదువు. మేం ఆగుతం."

నేను కుర్చీలో కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని, మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను.